డ్రైవరు నెత్తిమీది అటక

రవికిరణ్ కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. గచ్చిబౌలి ఆఫీసులో అతనికో కుర్చీ ఉంది, దాని మీద అతని బ్యాగు కూర్చుంటుంది. అతను నిలబడి టైపు చేస్తాడు, నడుస్తూ ఫోను మాట్లాడతాడు. వీడియో మీటింగుల్లో గోడ వెంట పచార్లు చేస్తుంటే అవతలివాళ్ళకి ఓసారి సగం ముఖమూ, ఓసారి ఒక చెవీ కనబడతాయి. సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఎదుటివాళ్ళ పనిలో తప్పులు పట్టడం ఉద్యోగం కాబట్టి, సొంత పనిలో తప్పులు పట్టడం శని, ఆదివారాలకి మిగిలింది.

అలాంటి మనిషి నాలుగేళ్ళ కిందట ఒక చక్రాల ఇల్లు కొన్నాడు. ఎవరో రిటైరైన డాక్టరు దంపతులు ముచ్చటపడి పాత డీజిలు వ్యాను మీద కట్టించుకున్నది. వెనక వంటగట్టు, సింకు, సోఫా. ముందు, డ్రైవరు నెత్తి మీద, ముందుకు పొడుచుకొచ్చిన నుదురులాంటి గూడు, ఆ గూట్లో ఇద్దరు పడుకునే అటక, అటకకి అటో కిటికీ, ఇటో కిటికీ. "బండికి నుదురుంది, కొన్నవాడికే కుదురు లేదు" అన్నాడు రవికిరణ్ తండ్రి సీతారామయ్య, దాన్ని చూసిన మొదటిరోజే. ఆయన తెనాలిలో ముప్ఫై ఏళ్ళు లెక్కల మాస్టారు. రిటైరయ్యాక కొడుకు దగ్గరే ఉంటున్నాడు. లెక్కలు పోయినా లెక్కచెయ్యకపోవడం మాత్రం మిగిలింది.

బండి వచ్చి కొండాపూర్‌లోని వాళ్ళ అపార్ట్‌మెంటు పార్కింగులో, దక్షిణపు గోడవారన నిలబడింది. నిలబడి, నిలబడి, నిలబడే ఉండిపోయింది. ప్రతి ఆదివారం పొద్దున రవికిరణ్ పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి, దాని దగ్గు విని, ఆపేసేవాడు. కంప్యూటర్లో మాత్రం ఆ బండి దేశమంతా తిరిగింది. గండికోట ప్రయాణం ఒక్కదానికే పదకొండు పేజీల పట్టిక ఉంది. ఎన్నింటికి ఎక్కడ టీ తాగాలో ఉంది, ఆ టీ దొరక్కపోతే ఎక్కడ తాగాలో కూడా ఉంది. ఎప్పుడు బయల్దేరాలో రాయాల్సిన గడి ఒక్కటే ఖాళీ.

దసరా సెలవులకి బాచుపల్లి హాస్టలు నుంచి కూతురు రసజ్ఞ వచ్చింది. పుస్తకం పట్టుకుని అటక ఎక్కి మోకాలు ఆనించిందో లేదో, ఆ మోకాలు కిందికి దిగి డ్రైవరు సీటు పైన వేలాడింది. ఏ వానాకాలం నుంచో కిటికీ రబ్బరు సందుల్లోంచి నీళ్ళు కారి, ప్లై చెక్క పైకి బాగానే కనబడుతూ లోపల నానిపోయింది. పిల్లకి చర్మం గీరుకోవడం తప్ప ఏమీ కాలేదు. రవికిరణ్ చిల్లులో చెయ్యిపెట్టి తీస్తే గుప్పెడు పొట్టు వచ్చింది. అటక కాస్తా అటుకులైంది.

అతనికి లోపల ఎక్కడో సంతోషం కలిగింది. ఇక బయల్దేరకపోవడానికి మంచి కారణం దొరికింది మరి. ఈ సంగతి అప్పుడతనికి తెలియదు. మనం మాత్రం గుర్తుపెట్టుకుందాం.

అయిదు వారాలు అటక పని సాగింది. శనివారం బిగించిందాన్ని ఆదివారం విప్పేవాడు. ఒకటో వెర్షను, రెండో వెర్షను అని పేర్లు పెట్టి, ప్రతిదానికీ బగ్గుల జాబితా రాసేవాడు. మంచంలో బగ్గులు వెతకడం కొత్తేమీ కాదు. మన ముత్తాతలూ వెతికారు, వాళ్ళు వాటిని నల్లులనేవాళ్ళు, దొరికిన చోటే చంపేవాళ్ళు. రవికిరణ్ వాటికి నంబర్లిచ్చి పెంచుకున్నాడు.

ఆరో వెర్షను దగ్గర సీతారామయ్య పార్కింగులోకి దిగి, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. బండి ముఖం తూర్పుకి ఉంది. పాత అటకలో తలగడ వైపు ఎడమన. అంటే ఉత్తరం.

"ఒరే అబ్బాయ్, ఉత్తరానికి తలపెట్టి పడుకున్న ఏనుగుకి ఏమైందో వినాయకుణ్ణడుగు" అన్నాడాయన. అని, తన పనైపోయినట్టు లిఫ్టెక్కి వెళ్ళిపోయాడు.

రవికిరణ్ వాస్తు నమ్మడు. నమ్మకపోయినా బగ్గు బగ్గే. ఆ రాత్రి నుంచి తలలు దక్షిణానికి తిరిగాయి. తలలు తిరిగాక తలవైపు దీపం తిరిగింది, సెల్‌ఫోను చార్జింగు పాయింటు తిరిగింది, తల ఎత్తు కోసం పెట్టిన వాలు చెక్క తిరిగింది. దక్షిణం వైపు కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. అందుకని ఆ కిటికీని లోపల నుంచి ప్లైతో మూసేసేటట్టు గీశాడు. మూసేశాక తల దగ్గరికి గాలి రాదు కాబట్టి ఫ్యాను. ఫ్యానుకి వైరు. పన్నెండో వెర్షనుకి డ్రాయింగు ఎంత చక్కగా కుదిరిందంటే, అతనే రెండు నిమిషాలు కదలకుండా దాన్ని చూశాడు.

ఇక్కడ అతని భార్య ఉమాశ్రీ గురించి చెప్పాలి. నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటు. నీళ్ళు ఎప్పుడు వదలాలో ఆవిడ చేతిలో లేదు గానీ, మాట ఎప్పుడు వదలాలో బాగా తెలుసు. నాలుగేళ్ళలో మూడుసార్లు ఈ ప్రయాణం కోసం సెలవు పెట్టి, మూడుసార్లు భర్త వాయిదా వేస్తే రద్దు చేసుకుంది. ఒకసారి బ్యాటరీ, ఒకసారి బ్రేకులు, ఒకసారి ఏమీ లేదు, ఊరికే. మూడోసారి పై అధికారి, సెలవంటే ఆటలా అమ్మా అన్నాడట. నాలుగోసారి పదిరోజుల ఈఎల్ శాంక్షనై, ముద్ర పడిన కాగితం ఇంటికొచ్చింది. దాన్ని ఆవిడ అయస్కాంతంతో ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

సోమవారం పొద్దున ఆరింటికి బండి కదిలితే అందులో వస్తానంది. కదలకపోతే ఎంజీబీఎస్‌కి వెళ్ళి బస్సెక్కుతానంది. ఏ విధంగానైనా ఈ పదిరోజుల్లో తను గండికోట చూస్తుందట, చూపించేవాడు పక్కన ఉండాలో లేదో ఆయనే తేల్చుకోవాలట. గొంతు పెంచలేదు. గొంతు పెంచితే రవికిరణ్‌కి బాగుండేది, వాదించడానికి ఏదో ఒకటి దొరికేది.

చేతిలో ఒక్క వారం ఉంది. సొంత చేతుల మీద నమ్మకం పోయి అతను బండిని బాలానగర్‌లో బస్సులకి బాడీలు కట్టే నరేందర్ షెడ్డుకి తోలాడు. నాలుగేళ్ళలో ఆ బండి చేసిన మొదటి ప్రయాణం అదే. కూకట్‌పల్లి దాకా స్టీరింగు గడగడ వణుకుతూనే ఉంది, అతనూ వణుకుతూనే ఉన్నాడు, ఏ వణుకు ఎవరిదో తెలియలేదు.

నరేందర్ వృత్తి బాడీ బిల్డింగు. బస్సులకే గాని తనకి ఎప్పుడూ చేసుకోలేదని బొజ్జ చెబుతుంది. ముందు టైర్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వంగి చేత్తో తడిమాడు.

"తిరిగి అరిగిన టైర్లు మస్తు చూసిన సార్. నిలవడి నిలవడి చదునైనయ్ మాత్రం గివే."

ప్రమాదమా అని రవికిరణ్ అడిగాడు. ఏం ఫికర్ లేదనీ, ఇంకో యాభై కిలోమీటర్లు తిప్పితే వాటంతటవే గుండ్రంగా వస్తాయనీ చెప్పి, నరేందర్ డ్రాయింగు అడిగి తీసుకున్నాడు. పన్నెండో వెర్షనుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏదో అనబోయి, కొలతలు మిల్లీమీటర్లలో ఉండటం చూసి, చదువుకున్నోళ్ళ సంగతి మనకెందుకనుకున్నాడు కాబోలు, పనిలోకి దిగాడు.

ఆదివారం మధ్యాహ్నానికి ఇనుప పైపుల చట్రం వెల్డింగయింది, దాని మీద కొత్త ప్లై పడింది, దక్షిణం కిటికీ మీద ప్లై ముక్క బిగిసింది. పరుపూ, వాలు చెక్కా సాయంత్రానికి వస్తే పూర్తయినట్టే. రవికిరణ్ షెడ్డులో ఆ గోడ నుంచి ఈ గోడకి నడుస్తున్నాడు. ఇనప ముక్కల మీంచి దాటుకుంటూ నడిచే మనిషిని చూసి గ్రైండర్ దగ్గరివాళ్ళు రెండుసార్లు పని ఆపారు.

మధ్యాహ్నం ఆటో దిగి ఉమాశ్రీ వచ్చింది. ఆవిడ దేన్నైనా కళ్ళతో చూస్తే గాని సంతకం పెట్టదు. చెప్పులు విడిచి, డ్రైవరు సీటు మీద ఒక కాలూ ఇంజను పెట్టె మీద ఒక కాలూ పెట్టి అటక ఎక్కింది. ప్లై మీద వేలితో తట్టింది.

"ఇక్కడ కిటికీ ఉండాలి కదండీ" అంది.

"ఉండేది. మూయించాను."

"ఎందుకు?"

"అటు గోడేగా."

"ఏ గోడ?"

"మన కాంపౌండు గోడ."

ఆవిడ తల కిందికి వంచి చూసింది.

"గండికోటలో మన కాంపౌండు గోడ ఉంటుందా అండీ?"

"అక్కడ కోటగోడ ఉంటుంది" అన్నాడు రవికిరణ్. ఎవరూ నవ్వలేదు. అన్నవాడికీ నవ్వు రాలేదు.

నరేందర్ చెవి మీది పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఇగ చెప్పక తప్పదన్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"మొన్ననే అడుగుదామనుకున్న సార్. డ్రాయింగ్ల తల దక్షిణం అని రాసిన్రు. ఇప్పుడు నా షెడ్ల బండి మొకం పడమటికి ఉన్నది. మీ దక్షిణం ఉత్తరమైంది. బండికి దిక్కేంది సార్, స్టీరింగ్ ఎటు తిప్పితే గటే గదా."

రవికిరణ్ ఫోను తీసి దిక్సూచి చూశాడు. ముల్లు వణికి ఆగింది. నరేందరే కరెక్టు. అతను బండి చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ చూశాడు, దిక్కులు ఏమైనా మనసు మార్చుకుంటాయేమోనని.

ఉమాశ్రీ పైనుంచే ఒక్కొక్కటి అడగసాగింది. ఫ్యాను ఎందుకు? గాలి రాదు కాబట్టి. గాలి ఎందుకు రాదు? గోడ కాబట్టి. వైరు ఇంత పొడవెందుకు? పార్కింగు స్తంభం మీది ప్లగ్గు దాకా అందాలి కాబట్టి. ఆవిడ ఫైల్లో పేజీలు తిప్పినట్టు తిప్పింది, అతను గుమాస్తాలా జవాబులు చెప్పాడు. చెబుతుంటే అతని చెవులకే వినబడింది. పన్నెండు వెర్షన్లలో ఒక్క దాంట్లోనైనా బండి కదలలేదు.

"మీరు కట్టింది బండిలో అటక కాదు" అంది ఆవిడ నెమ్మదిగా. "పార్కింగులో ఇంకో గది."

వాస్తు చూసుకునేలోపు వస్తువు పోయింది. రవికిరణ్ అన్నిటికన్నా ముందు నోటికొచ్చిన మాటే అన్నాడు. ఒక్క వారం టైమిస్తే మొత్తం విప్పి, బండి ఏ దిక్కుకున్నా సరిపోయేట్టు, తలగడ ఇటైనా అటైనా పెట్టుకునేట్టు, పదమూడో వెర్షను...

ఉమాశ్రీ అప్పటికే కిందికి దిగింది. కోపంగా లేదు. చెప్పులు తొడుక్కుంటూ, ఆటో వెయిటింగులో ఉందనీ, బట్టలు సర్దుకోవాలనీ అంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనిది, ఎవరి బట్టలో చెప్పలేదు. అదే అతనికి గుచ్చుకుంది. ప్రతి ప్రయాణానికీ ఇద్దరి బట్టలూ ఆవిడే సర్దేది.

ఆటో వెళ్ళిపోయింది. అతను షెడ్డులో నడవబోయి, నడవలేకపోయాడు. టెస్టింగు చేసేవాడికి తెలిసిన రహస్యం ఒకటుంది. విడుదల చెయ్యని ప్రోగ్రాంలో ఏ కస్టమరూ తప్పు పట్టలేడు. కదలని బండి దారిలో ఆగిపోదు. వెళ్ళని ఊరు నిరాశపరచదు. నాలుగేళ్ళుగా కాళ్ళు ఎన్ని వేల అడుగులు వేశాయో, అవన్నీ ఆ బండి చుట్టూ గుండ్రంగానే పడ్డాయి.

"ఏం జేద్దాం సార్?" అన్నాడు నరేందర్. "పరుపోడు ఫోన్ జేసిండు, ఇంకో గంటల వస్తడట. గిట్లనే ఫినిష్ జేస్తే రేపు పొద్దుగాల మీ జాగల నిలబెట్టుకోవచ్చు. కిటికి తెరిస్తే మాత్రం పరుపు, వాలు చెక్క దానికి అడ్డమొస్తయ్, అన్నీ మళ్ళ కొయ్యాలె. అయితే కిటికి, లేకుంటే పరుపు. రెండు గావు."

పరుపు కోసం ఆగితే పరువు పోతుంది. రవికిరణ్ బల్ల మీదున్న కరెంటు రంపం అందుకున్నాడు. నరేందర్ జర ఆగమని చెయ్యి చాచాడు. ఆ రంపం ఎన్నడైనా పట్టారా అని అడిగాడు. పట్టలేదు. తను కోసి పెడతానన్నాడు. రవికిరణ్ తల అడ్డంగా ఊపి అటక ఎక్కాడు. డ్రాయింగు లేదు, కొలత లేదు, వెనక్కి వెళ్ళడానికి పాత వెర్షను లేదు. బొటనవేలితో తట్టి, బోలుగా మోగినచోట బ్లేడు దింపాడు. పొట్టు కళ్ళల్లో పడింది. నాలుగు వైపులా కోసేసరికి ప్లై ముక్క వచ్చి ఒళ్ళో పడింది, దాని వెనక దుమ్ము పట్టిన పాత కిటికీ అద్దమూ, అద్దంలోంచి బాలానగర్ ఆకాశమూ బయటపడ్డాయి. కోత తిన్నగా రాలేదు. ఒక మూల చేపతోకలా సాగింది, ఇంకో మూల కొరికిన రొట్టెలా ఉంది.

నరేందర్ కింది నుంచి చూసి, మా అన్న పెండ్లికార్డు కూడ గింత వంకరగ అచ్చుగాలే అన్నాడు. అని, కిటికీ చుట్టూ కొత్త రబ్బరు తొడిగి, సందుల్లో సిలికాన్ పట్టించి, కోతలో పుల్లలు గీరుకోకుండా ఉప్పుకాగితం పెట్టి తనే రుద్దాడు. ఫ్యాను విప్పేశాడు. మిగిలింది ఉత్త చెక్క, ఒక వంకర కిటికీ.

సోమవారం ఆరింటికి ఉమాశ్రీ ఒక బ్యాగుతో లిఫ్టులోంచి దిగింది. పార్కింగులో బండి లేదు. గోడవారన నాలుగేళ్ళ నూనె మరకా, ఆకుల చెత్తా ఉన్నాయి. ఆవిడ ఒక్క క్షణం ఆ ఖాళీని చూసింది. గేటు బయట హారను మోగింది. చంటిపిల్ల తుమ్మినట్టుండే ఆ హారను ఆవిడ అంతకుముందు ఎప్పుడూ వినలేదు. బండి రోడ్డు మీద, ఇంజను ఆపకుండా, ఆఫీసు బస్సుల వెనక నిలబడి ఉంది. రవికిరణ్ డ్రైవరు సీట్లో ఉన్నాడు, స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని.

ఆయన బట్టలేవని ఆవిడ అడిగింది. అర్ధరాత్రి వచ్చి చేతికందినవి పట్టుకెళ్ళాననీ, వెనక ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయనీ అన్నాడు. ఎన్ని జతలంటే తెలియదన్నాడు. ఆవిడ ఎక్కి కూర్చుంది. బాల్కనీలో సీతారామయ్య చెయ్యి ఊపాడు. కదిలే ఇంట్లో తను పడుకోననీ, తిరిగేవాళ్ళు తిరగండనీ ముందే చెప్పేశాడు.

గచ్చిబౌలి దగ్గర అవుటర్ రింగు రోడ్డు ఎక్కేదాకా రవికిరణ్ ఎనిమిది చప్పుళ్ళు లెక్కపెట్టాడు. సింకు తలుపు ఒకటి, వెనక సీటు ఒకటి, మిగతావి ఎవరివో. తుక్కుగూడ దగ్గర దిగి శ్రీశైలం రోడ్డు పట్టేసరికి టైర్లు గుండ్రంగా వచ్చి స్టీరింగు వణుకు ఆగింది. కడ్తాల్ దగ్గర టీ తాగారు, పట్టికలో ఉన్న హోటల్లో కాదు, ఎదురుగా ఉన్నదాంట్లో. మధ్యలో రెండుసార్లు అతను బండి ఆపి, చుట్టూ తిరిగి, టైర్లు తన్ని మళ్ళీ ఎక్కాడు. మూడోసారి ఆపబోతే ఉమాశ్రీ గేరు కర్ర మీద చెయ్యి పెట్టింది. అతను ఆపలేదు.

పదకొండు దాటాక డిండి చెరువు కనబడింది. రోడ్డు దిగి, నీళ్ళవైపు బండి నిలబెట్టారు. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నారు. ఉమాశ్రీ ఇంటి బొంత ఒకటి భుజాన వేసుకుని, సీటు మీంచి పాకి అటక ఎక్కింది. డిండికి వచ్చాం గాని దిండు తేలేదని అతను కింది నుంచి అన్నాడు. ఆవిడ పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. నవ్వు ప్లై చెక్కలోంచి వినబడింది.

రవికిరణ్ కింద నిలబడి, చట్రం కీచుమంటోందా, సిలికాన్ ఆరిందా, చెక్క వంగుతోందా అని వరసగా అడుగుతున్నాడు.

"ఎలా ఉంది మరి?" అన్నాడు చివరికి.

"ఇరుగ్గా ఉంది. రండి."

అతను ఎక్కాడు. కప్పు ముక్కుకి జానెడు దూరంలో ఉంది. వీపు కింద చెక్క గట్టిగా తగిలింది. అతని కళ్ళు అలవాటుగా మూలమూలా తిరిగి, మూడు మేకులు సరిగ్గా దిగలేదని కనిపెట్టాయి. చెప్పడానికి నోరు తెరిచి పక్కకి తిరిగితే, ఆ వంకర కిటికీలో వంకర చెరువు, దాని మీద ఒక నల్ల పిట్ట. మేకుల సంగతి చెప్పలేదు. అలా రెండు నిమిషాలు గడిచాయో లేదో, కింద ఎవరో బండిని అరచేత్తో చరిచారు.

తలమీద గంప పెట్టుకున్న ముసలావిడ. చేపలు ఆరేసే జాగా అట అది.

"ఓ సారూ, జర బండి ముంగటికి తీస్తవా?"

ఉమాశ్రీ అతన్ని చూసింది. ఇప్పుడిప్పుడే నడుం వాల్చాడు, నాలుగేళ్ళ తర్వాత. అతను నిట్టూర్చి, మోచేతుల మీద పాకి, కాలు వేలాడేసి సీటు వెతుక్కుని దిగాడు. ఇంజను స్టార్ట్ చేశాడు. మొదటి గేర్లో, మనిషి నడకకన్నా నెమ్మదిగా, ఇరవై అడుగులు పోనిచ్చాడు. ముసలావిడ గంప దించుకుంది.

"ఇక్కడ ఆపనా?" అని పైకి కేకేశాడు.

ఆ ఇరవై అడుగుల్లో కిటికీలోంచి చెరువు పోయి, గుట్ట అంచూ, దాని కింద మేకలూ వచ్చినట్టున్నాయి.

"ఇదీ బాగుంది" అంది ఉమాశ్రీ పైనుంచి. "ఇంకొంచెం పోనివ్వండి."